నేల మీదికి దించిన మధ్యాహ్నం

నిద్రలో ఊపిరి ఆగిన సంగతి ఆగినవాళ్ళకి తెలియదు. పక్కనున్నవాళ్ళు చెప్పాలి. నాకు చెప్పింది మా మరదలు రాజ్యం, జులై తొమ్మిదో తేదీ పొద్దున్న, కాఫీ గ్లాసు చేతికిస్తూ.

"వదినగారూ, రాత్రి మీ గురక వినపడుతుంటే ధైర్యంగా ఉంటుందండీ. అది ఆగితేనే భయం."

"ఆగితే నీకు నిద్ర పడుతుంది కదా, భయం దేనికి?" అన్నాను.

"మళ్ళీ మొదలవడానికి చాలాసేపు పడుతోందండీ. నేను మంచం మీద లేచి కూర్చుని మీ గురక కోసం ఎదురుచూస్తున్నాను. ఇలాంటి ఆడపడుచు ఎవరికైనా ఉంటుందా చెప్పండి!"

ఇద్దరం నవ్వుకున్నాం. నా డైరీలో ఆ రోజు "గురక గురించి రాజ్యం" అని మాత్రమే ఉంది.

నా పేరు విశాలాక్షి. వయసు డెబ్భై ఒకటి. పెళ్ళి చేసుకోలేదు, కారణాలు ఇక్కడ అక్కర్లేదు. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. బ్యారేజి దగ్గర నీటిమట్టం గంటగంటకీ వచ్చేది. దాన్ని రిజిస్టరులో ఎక్కించడం, కింద మొత్తాలు సరిచూడడం నా పని. వరద రోజుల్లో ఒక్క అంకె తప్పు పడినా గోదావరి లంకల్లో ఉన్నవాళ్ళకి చేరే కబురు తప్పుతుంది. అందువల్ల ఏ సంగతైనా తేదీ వేసి రాసుకోవడం అలవాటైంది. ఈ జబ్బు గురించీ రోజూ రాసుకున్నాను. ఒక్క సంగతి మాత్రం రాయలేదు. దాని మూలంగా మా తమ్ముడు పడరాని మాటలు పడ్డాడు. అది చెప్పడానికే ఇదంతా.

తమ్ముడి పేరు కామేశం. నాకంటే ఆరేళ్ళు చిన్న. పిల్లలు లేరు. వాడూ రాజ్యమూ పద్దెనిమిదేళ్ళుగా నా ఇంట్లో నాతోనే ఉండేవారు. వాడు పురోహితుడు, ఊళ్ళో శర్మగారంటారు. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు చేయించడు. అపరకర్మలు, అంటే మనిషి పోయాక ఇంట్లో జరగవలసినవి చేయిస్తాడు. కడియం నుంచి రామచంద్రపురం దాకా ఎవరింట్లో పెద్దవాళ్ళు ఆఖరి దశలో ఉన్నా ముందు డాక్టరుకి, తర్వాత మా వాడికి ఫోను చేసేవారు. వాడికి హాస్యం ఎక్కువ. "నేను వీధిలో నడిచొస్తుంటే ట్రాఫిక్ పోలీసు కూడా పక్కకి తప్పుకుంటాడక్కా" అనేవాడు.

వాడి పనిలో ఒక భాగం గురించి చెప్పాలి. మాలో మనిషి మంచం మీద పోకూడదంటారు. ప్రాణం పోయే ముందు నేల మీదికి దించాలి. దర్భలు పరిచి, తల దక్షిణానికి పెట్టి, నోట్లో తులసితీర్థం పోసి, చెవిలో నారాయణ నామం చెప్పాలి. ఆ వేళ ఎప్పుడన్నది తేల్చడమే కష్టం. ఇంట్లోవాళ్ళకి చెయ్యి రాదు, నోరు రాదు. కామేశం గుమ్మంలో నిలబడి ఊపిరి తీరు చూసేవాడు. ఊపిరి పెద్దదవుతూ పోతుంది, మళ్ళీ చిన్నదవుతుంది, ఆగుతుంది, మళ్ళీ వస్తుంది. దాన్ని ఎగశ్వాస అంటారు. అది చూసి "ఇంక దించండి" అనేవాడు. వాడు చెప్పిన వేళ తప్పేది కాదని ఈ చుట్టుపక్కల పేరు.

జులై తొమ్మిది నాటికి నాకు గుండెపోటు వచ్చి, స్టెంటు వేసి రెండేళ్ళ నాలుగు నెలలు. గుండె పంపింగు ముప్పై అయిదు శాతమే అని కాగితం మీద ఉండేది. మాత్రలు పూటకి ఇన్నని డబ్బాలో సర్దుకుని వేసుకునేదాన్ని. అంతా సవ్యంగానే ఉందనుకున్నాను.

ఆ నెలాఖరు నుంచి నిద్రలో ఉలిక్కిపడి లేవడం మొదలైంది. నీళ్ళలో మునిగిపోతున్నదాన్ని ఎవరో జుట్టు పట్టి పైకి లాగినట్టు ఉండేది. గుండె దడదడలాడేది. కిటికీ దగ్గరికి వెళ్ళి ఊచలు పట్టుకుని నిలబడితే గానీ ఊపిరి అందేది కాదు. రెండు దిళ్ళు మూడయ్యాయి, మూడు నాలుగయ్యాయి. పొద్దున్నే తల పగిలిపోయే నొప్పి. పగలు కూర్చున్నచోటే కునుకు. ఒకనాడు బెండకాయలు తరుగుతూ కత్తిపీట ముందే నిద్రపోయాను. రాజ్యం కత్తిపీట లాగేసి, "వదినగారూ, కూరలో వేలు కూడా వేస్తే మీ తమ్ముడు తినరండీ" అంది.

పాదాలు వాచాయని రాజమండ్రిలో గుండె డాక్టరుకి చూపించాను. ఆయన ఒంట్లో నీరు లాగే మాత్ర పెంచారు. నిద్ర సంగతి నేను చెప్పలేదు. గుండె డాక్టరుకి నిద్రతో ఏం పని అనుకున్నాను. ఉలికిపాటుకి గ్యాసు కారణమని నాకు నేనే తేల్చేసి వాము నమిలాను. చదివేవాళ్ళలో గుండెజబ్బు ఉన్నవాళ్ళుంటే ఇక్కడ ఆగండి. నిద్ర ఎలా పడుతోందో, పక్కనున్నవాళ్ళు ఏం చూశారో, అడగకపోయినా మీ డాక్టరుకి చెప్పండి. నేను చెప్పి ఉంటే ఇది రాయవలసిన పని ఉండేది కాదు.

సెప్టెంబరు వచ్చేసరికి నిద్ర అంటేనే భయం పట్టుకుంది. కన్ను మూతపడుతుంటే లేచి కూర్చునేదాన్ని. పదహారు, పదిహేడు, పద్దెనిమిది, ఈ మూడు రాత్రులూ కుర్చీలోనే తెల్లవారింది.

పంతొమ్మిదో తేదీ గురువారం. మహాలయ పక్షాలు మొదలై ఆనాటికి రెండో రోజు. పితృకార్యాలకి పురోహితులకి ఊపిరాడని రోజులు. కామేశం పొద్దున్నే వేమగిరి వైపు తద్దినం చేయించడానికి వెళ్ళాడు. నేను నాలుగు మెతుకులు తిని గదిలోకి వెళ్ళి అలమార తెరిచాను. స్టెంటు వేసిన కొత్తలో నిద్రపట్టడం లేదంటే ఇచ్చిన మాత్రలు కొన్ని మిగిలి ఉన్నాయి. గడువు తేదీ చూశాను. ఇంకా మూడు నెలలుంది. అంత జాగ్రత్తపరురాల్ని. ఒకటి వేసుకోమని అప్పట్లో రాశారు. మూడు రాత్రుల బాకీ ఉంది కదా అని రెండు వేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. సమయం ఒంటిగంటా ఇరవై.

ఆ తర్వాత మూడు గంటల సంగతి నాకు తెలియదు. రాజ్యం చెప్పగా తెలిసింది రాస్తున్నాను.

మూడున్నరకి కాఫీ తెచ్చి లేపితే నేను లేవలేదట. భుజం పట్టి కుదిపితే మూలిగి మళ్ళీ సోలిపోయానట. పెదవులు నల్లబడ్డాయి, పాదాలు చల్లగా ఉన్నాయి. దిళ్ళ మీద నుంచి కిందికి జారిపోయి ఉన్నాను. అప్పుడే కామేశం ఇంటికి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని అలాగే తడికాళ్ళతో నా గది గుమ్మంలో నిలబడ్డాడు. ఊపిరి పెద్దదైంది, చిన్నదైంది, ఆగింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఆగింది.

"ఏవండీ, ఆంబులెన్సుకి ఫోను చెయ్యండి" అంది రాజ్యం.

"దారిలో పోతుంది రాజ్యం. అక్క దారిలో పోకూడదు" అన్నాడట.

వాడు ఏడవలేదట. ఏడుస్తూ ఉంటే దించడం ఎలా అని ఇతరుల ఇళ్ళలో వాడే అంటుండేవాడు. పక్కింటి లక్ష్మిగారినీ, ఆవిడ భర్తనీ పిలిచారు. వీధిలోవాళ్ళు ఏడుగురు వచ్చారు. దుప్పటితో పట్టుకుని నన్ను నేల మీదికి దించారు. దిళ్ళు తీసేశారు. వెల్లకిలా పడుకోబెట్టారు.

నాకు మొదట తెలిసింది వీపుకి తగిలిన చలవ. తర్వాత గొంతులో నీళ్ళు. పొలమారింది. దగ్గు. లేవబోతే గుండెల మీద బండ పెట్టినట్టుంది. వెల్లకిలా ఉంటే నాకు ఊపిరి ఆడదని అందరికీ తెలుసు, ఆ క్షణాన ఎవరికీ గుర్తులేదు. కళ్ళు తెరిస్తే ఫ్యాను ఎంతో ఎత్తులో కనిపించింది. చుట్టూ ముఖాలు. నా చెవి పక్కన కామేశం ముఖం, వాడి చేతిలో ఉద్ధరిణె. "అమ్మో, బతికే ఉన్నారు!" అని ఎవరో అరిచారు. లక్ష్మిగారి భర్త నన్ను లేపి గోడకి ఆనించి కూర్చోబెట్టారు.

దగ్గు ఆగాక నేను అన్న మొదటి మాట ఇది:

"అంత తొందరగా ఉందిరా నీకు?"

గదిలో పదకొండు మంది ఉన్నారు. ఆ స్థితిలోనూ లెక్కపెట్టాను.

"లేదక్కా" అన్నాడు కామేశం. అంతే.

ఆంబులెన్సులో రాజమండ్రి తీసుకెళ్ళారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. అయిదు రోజులున్నాను. మొదటి రోజే ఒక కుర్ర డాక్టరు అడిగారు, "కొత్తగా మాత్రలేమైనా వేసుకున్నారా అమ్మా?" అని. కామేశం మంచం పక్కనే నిలబడి ఉన్నాడు.

"రోజూ వేసుకునేవేనండి" అన్నాను.

కామేశం కిటికీ వైపు తిరిగాడు.

ఎందుకు అబద్ధం చెప్పాను? సిగ్గు. ముప్పై నాలుగేళ్ళు అంకె తప్పనిదాన్ని, మందుల డబ్బా మీద పూటల పేర్లు రాసుకునేదాన్ని, ఎవరినీ అడక్కుండా పాత మాత్రలు రెండు మింగానని ఎలా చెప్పను? పైగా ఒంటరి ముసలిది నిద్రమాత్రలు మింగిందంటే దానికి ఊళ్ళో వేరే అర్థం తీస్తారు. మరునాడు చెబుదామనుకున్నాను. మరునాడు ఇంకా కష్టమైంది.

ఇరవై నాలుగున ఇంటికి వచ్చాను. తొందర అన్న నా మాట నాకంటే ముందే వీధంతా తిరిగి వచ్చేసింది.

"అంత అనుభవం ఉన్నాయన ఎలా పొరబడ్డారండీ?" అని లక్ష్మిగారు మంచిగానే అడిగారు. పాలు పోసే ఆమె మంచిగా అడగలేదు. "ఇల్లు మీ పేరునే ఉందంటగదండీ?" అంది. నేను తలుపు వేసేశాను. వేసే ముందు ఒక్క మాట చెబితే సరిపోయేది. "తప్పు నాది, మాత్రలు వేసుకున్నాను" అని నాలుగు మాటలు. చెప్పలేదు.

పక్షాల్లో ఒప్పుకున్న మూడు ఇళ్ళవాళ్ళు వేరే వాళ్ళని పెట్టుకున్నామని ఫోను చేశారు. అక్టోబరు మూడున కడియంలో ఒక పెద్దాయనకి బాగాలేదంటే కామేశం అలవాటు కొద్దీ వెళ్ళాడు. వాళ్ళబ్బాయి గేటు దగ్గరే నిలబెట్టి, "మీరిప్పుడే లోపలికి రావద్దండి. డాక్టరుగారు చెప్పాక మేమే పిలుస్తాం" అన్నాడట. ఇంకోరోజు కాఫీ హోటల్లో వాడు అడుగుపెట్టగానే ఎవరో, "శర్మగారొచ్చారు, అందరూ గట్టిగా ఊపిరి తియ్యండ్రా!" అన్నారట. వాడే ఇంటికొచ్చి చెప్పాడు.

"బాగా అన్నాడక్కా. నాకే తట్టలేదు ఆ మాట" అని నవ్వాడు.

రాజ్యం లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను పేపరు తిరగేశాను.

ఇంకో నిజం కూడా రాయాలి. వాడు పక్కగదిలో ఉంటే నాకు కన్ను మూతపడేది కాదు. మూస్తే వీపుకి ఆ చలవ తగిలేది. నా తమ్ముడు నన్ను చంపడని తెలుసు. పెంచినదాన్ని, తెలియదా? అయినా తలుపు గడియ పెట్టుకుని పడుకునేదాన్ని. ఆ చప్పుడు వాడికి వినపడుతుందనీ తెలుసు.

దసరా వెళ్ళిన రెండో రోజు, అక్టోబరు పద్నాలుగు. వాళ్ళిద్దరూ రెండు పెట్టెలతో వసారాలో నిలబడ్డారు. ద్రాక్షారామంలో రాజ్యం పుట్టింటివాళ్ళ వాటా ఒకటి ఖాళీగా ఉంది.

"ఎన్నాళ్ళకి?" అన్నాను.

"చూద్దాం. రాత్రిళ్ళు లక్ష్మిగారు వచ్చి పడుకుంటానన్నారు. మాట్లాడాను."

"నేను పొమ్మన్నానా?"

"నేనుంటే నువ్వు నిద్రపోవడం లేదక్కా. నిద్ర లేకపోతే గుండె ఆగిపోతుంది కదా" అని, తన మాట తనకే ఎలాగో అనిపించి, "అదే, తట్టుకోదు కదా" అని దిద్దుకున్నాడు.

రాజ్యం నా చెయ్యి పట్టుకుంది. "ఇంక మీ గురక కోసం ఎవరు ఎదురుచూస్తారు వదినగారూ?" అంది. ఈసారి నవ్వలేదు.

నవంబరు అయిదున నిద్ర పరీక్షకి రాజమండ్రి వెళ్ళాను. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడే చేయించుకోమని రాసి ఇచ్చారు. భయం వల్ల ఆరు వారాలు వాయిదా వేశాను. ఒక రాత్రి అక్కడే పడుకోవాలి, తలకీ ఛాతీకీ వైర్లు పెడతారు. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా బయట బల్ల మీద కూర్చున్నాను. పక్కన ఒక ఆవిడ, పేరు నూకాలు. సముద్రం ఒడ్డు ఊరు. చేపలమ్ముతుంది. వాళ్ళాయనకి గుండెజబ్బు, ఇదే తంటా. ఆయనకి పరీక్ష అయిపోయి మెషీను ఇస్తున్నారు.

"తోడెవరూ రాలేదేటండీ అమ్మగారూ?"

"లేదు."

"లేరా, రాలేదా?"

నేను ఆస్పత్రి కాగితాలు సర్దుకున్నాను. ఆవిడ ఇంక అడగలేదు. ఇడ్లీ పొట్లం విప్పి సగం నా ఒళ్ళో పెట్టింది. "మేం నీసు తింటాం గానీ ఇది హోటల్దేనండీ, తినండి" అంది. నా జీవితంలో ఎవరి మాటా నన్ను అంత సిగ్గుపడేలా చెయ్యలేదు. మొత్తం తిన్నాను.

"ఈయన పడవలో పడుకుంటే పక్కోళ్ళు గురక్కి తిట్టేవోరండీ. ఓ రోజు గురకాగిపోతే ఊపిరాగిపోయిందని ఏడుపు లంకించుకున్నారంట. ఈయన లేచి, ఎవుడు పోయాడ్రా, అని ఆళ్ళతో కలిసి ఏడ్చాడంట!"

ఆయన సిగ్గుపడుతూ, "ఊరుకోవే" అన్నాడు. నేను నవ్వాను. నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో నాకే తెలియదు. నూకాలు ఏమీ అడక్కుండా నా వీపు నిమురుతూ కూర్చుంది. వీపు మీద ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

పరీక్ష కాగితం వారానికి వచ్చింది. గంటకి నలభై ఒక్కసార్లు ఊపిరి ఆగుతోంది. ఆరు గంటల నిద్రకి లెక్క కడితే రెండువందల నలభై ఆరు. అన్నిటికంటే పెద్దది యాభై రెండు సెకన్లు. ఒక రాత్రిలో నేను అన్నిసార్లు ఆగి, అన్నిసార్లు తిరిగి వస్తున్నాను.

అక్కడి డాక్టరు నలభై లోపు అమ్మాయి, తొందర లేని మనిషి. నాకు అర్థమైనంత మేరకు చెబుతాను. గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగడం ఒకటి. గుండె బలహీనపడినవాళ్ళకి, ఊపిరి తియ్యమని మెదడు చెప్పవలసిన మాట సరిగ్గా అందక ఆగడం ఇంకొకటి. నాకు రెండూ ఉన్నాయి. ఆవిడ మళ్ళీ అదే ప్రశ్న అడిగింది, నిద్రమాత్రలు ఎప్పుడైనా వాడారా అని. గదిలో మేమిద్దరమే ఉన్నాం. చెప్పేశాను. తేదీ, టైము, రెండు అన్న అంకె, అన్నీ చెప్పాను. తర్వాత నేల మీదికి దించిన సంగతీ చెప్పాను.

ఆవిడ కలం కింద పెట్టింది. "మీ జబ్బులో అవి అడక్కుండా వేసుకోకూడదమ్మా. మీరు లేవకపోవడానికి అవే కారణమై ఉండొచ్చు."

"మా తమ్ముడు చూసిన ఊపిరి?"

"ఆయన కళ్ళు తప్పు చూడలేదు. పోయేముందు వచ్చే ఊపిరీ ఇదీ చూడడానికి ఒకటే. కాకపోతే మీలాంటివాళ్ళకి ఇది రోజూ నిద్రలో ఉండేదే. చూసిన వెంటనే ఆస్పత్రికి తేవాలి, దిళ్ళ మీద ఎత్తుగా కూర్చోబెట్టాలి, నోట్లో ఏమీ పొయ్యకూడదు. ఆయనకి ఎవరు చెప్పారు కనక?"

నిజమే. చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే, ఆ చెప్పేదాన్నే నిద్రమాత్రలేసుకుని పడుకున్నాను.

గుండె మాత్రలు మార్చారు. ముక్కుకి తగిలించే మాస్కు, గాలి పంపే మెషీను ఇచ్చారు. మొదటి రాత్రి గంటా పది నిమిషాలు ఉంచుకుని పీకేశాను. ముఖం మీద ఎవరో చెయ్యి పెట్టి నొక్కినట్టుంది. అలా పంతొమ్మిది రాత్రులు. లక్ష్మిగారు పక్క మంచం మీద నుంచి, "పెట్టుకోండి పిన్నిగారూ, నాకోసం" అనేవారు. డిసెంబరు పదిహేనున తెల్లవారి కళ్ళు తెరిచేసరికి మాస్కు ముఖం మీదే ఉంది. తల నొప్పి లేదు. వీధిలో పాల బండి చప్పుడు వినపడింది. నాలుగున్నర నెలల తర్వాత నేను పూర్తిగా నిద్రపోయిన రాత్రి అది. ఈ మాట ఎవరికి చెప్పాలో తెలియక మంచం మీద కూర్చుని ఉండిపోయాను.

కామేశానికి ఫోను చేశాను. "బాగా నిద్రపోయాను" అన్నాను. "సంతోషం అక్కా" అన్నాడు. మాత్రల సంగతి ఫోనులో చెప్పలేకపోయాను.

ఫిబ్రవరి ఆరున బస్సెక్కి, రామచంద్రపురంలో మారి, ద్రాక్షారామం వెళ్ళాను. కామేశం గుమ్మంలో కూర్చుని ఎవరికో పంచాంగం చూసి చెబుతున్నాడు. చిక్కిపోయాడు. రాజ్యం అన్నం పెట్టింది. పనసపొట్టు కూర, నాకోసం ఉప్పు తగ్గించి చేసింది. పూర్వపు పని మానేశాడని రాజ్యం మెల్లగా చెప్పింది. తెలిసినవాళ్ళు ఎవరైనా ఫోను చేసి "దించమంటారా శర్మగారూ?" అని అడిగితే, "డాక్టర్ని అడగండి" అని పెట్టేస్తాడట.

భోజనమయ్యాక చెప్పాను. రాసుకుని వెళ్ళాను, కానీ కాగితం తియ్యలేదు. సెప్టెంబరు పంతొమ్మిది, ఒంటిగంటా ఇరవై, రెండు మాత్రలు.

కామేశం వక్కపొడి డబ్బా మూత పెట్టాడు. "తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"నిన్ను ఆస్పత్రిలో చేర్చాక నీ బట్టలకోసం ఇంటికి వెళ్ళాను. మంచం కింద స్ట్రిప్పు దొరికింది. రెండు గళ్ళు ఖాళీ."

"డాక్టరు అడిగినప్పుడు మరి..."

"బయటికి వెళ్ళి ఆయనకి చెప్పాను. ఇంకెవరికీ చెప్పొద్దని దండం పెట్టాను."

"వీధిలో వాళ్ళు అన్ని మాటలంటుంటే ఎందుకు చెప్పలేదురా?"

"డెబ్భయ్యేళ్ళ మనిషి నిద్రమాత్రలు మింగిందంటే ఏమనుకుంటారో నాకు తెలియదా? అలాంటి ఇళ్ళకి ఎన్నిటికి వెళ్ళలేదు నేను! తొందర నీదనుకోవడం కంటే నాదనుకోవడం నయం కదా."

రాజ్యం వంటింట్లో గిన్నెలు తోమడం ఆపింది. మళ్ళీ మొదలుపెట్టింది.

క్షమించమనడం మా ఇంట్లో అలవాటు లేదు. వాడు లేచి మంచం మీద నాలుగు దిళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. "ప్రయాణం చేసి వచ్చావు. కాసేపు నడుం వాల్చు."

"మెషీను తీసుకురాలేదు. అది లేకుండా పడుకోకూడదు."

"నేను కూర్చుంటాను."

వాడు కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాను. నిద్ర పట్టింది. మధ్యమధ్యలో భుజం మీద చెయ్యి పడేది. "అక్కా, ఊపిరి తియ్యి." తీసేదాన్ని. మళ్ళీ నిద్ర. మళ్ళీ చెయ్యి. "ఊపిరి తియ్యక్కా." నాలుగింటికి లేచాను. వాడు కూర్చున్నచోటే ఉన్నాడు.

"ఎన్నిసార్లు లేపావు?"

"నేను లెక్కపెట్టలేదు."

బస్సు దగ్గరికి వచ్చాడు. "ఇంటికి వచ్చెయ్యరా" అన్నాను. "వీధిలో అందరికీ చెబుతాను."

"అందుక్కాదక్కా. ఆ గదిలోకి వస్తే నువ్వు నేల మీద కనపడతావు. నా చేత్తో దించాను కదా." బస్సు కదిలే ముందు కిటికీలోంచి నీళ్ళ సీసా అందించి, "రాత్రి మాస్కు మానకు" అన్నాడు.

మరునాడు పొద్దున్న పాలు పోసే ఆమె ఉండగానే లక్ష్మిగారిని గుమ్మంలోకి పిలిచి ఇద్దరికీ చెప్పాను. మాత్రలు రెండు, నా అంతట నేనే వేసుకున్నాను, చావడానికి కాదు, నిద్రకి. వాడు చూసింది చూసినట్టు చేశాడు. తొందర అన్న మాట నాది, అది తప్పు.

లక్ష్మిగారు పాలగిన్నె గుమ్మం పక్కన పెట్టారు. "ఈ మాట అప్పుడే అనాల్సింది పిన్నిగారూ" అన్నారు.

"అవును."

"ఇప్పుడు వస్తారా మరి?"

"రాడు."

సాయంత్రానికి వీధిలో పద్నాలుగు ఇళ్ళకీ తెలిసింది. వాటిలో రెండిళ్ళవాళ్ళు వచ్చి కామేశం ఫోను నంబరు అడిగి రాసుకున్నారు. వాడికి ఫోను చేశారో లేదో నాకు తెలియదు. వాడిని అడిగితే చేశారనే చెబుతాడు.